నేను కూర్చోని తివాచీ

ఆ ఉదయం మా పారాయణ బృందం అధ్యాయం మొదలుపెట్టబోతుండగా, సత్యవేణి గారు నిద్రలోనే తుదిశ్వాస విడిచారన్న కబురు వచ్చింది. పుస్తకం నా ఒడిలో అలాగే ఉండిపోయింది. ముందురోజు సాయంత్రమే అమలాపురం బజారులో కనబడి "రేపొస్తానండీ" అన్న మనిషి! ఆత్మకు చావు లేదని ఇన్నేళ్ళుగా నలుగురికీ చెబుతూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు నాకే ఊరట కావడం లేదు.

చిన్న వయసులో భర్త పోతే, ఆమె కువైట్‌లో ఒక ఇంట వంటమనిషిగా చాలాకాలం పనిచేశారు. ఆ ఇంటివారు చిరిగాయని పారేయబోయిన పాత తివాచీలను అడిగి తీసుకుని, ఉన్ని దారంతో బాగుచేసుకునేవారు. సెలవులకు వచ్చినప్పుడల్లా బంగారం కోసం ఎదురుచూసిన చుట్టాలకు తాడు కట్టిన తివాచీ చుట్ట కనిపించేది. "ఇదేం సరుకే, బస్టాండులో పరుచుకోవడానికా?" అని మేనత్త ఎగతాళి చేస్తే, "ఆయ్, మీరు పడుకుంటానంటే పరుస్తానండి" అన్నారట.

తిరిగి వచ్చేశాక కాలవ పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. వెలిసిన ఎరుపు పక్కన నీలం, పెద్ద తివాచీ మీద ఏటవాలుగా చిన్నది, గోడకు ఒకటి, కొబ్బరిచెక్క బల్ల మీద ఒకటి, నడుమ పాత ఇత్తడి బిందెల్లో మొక్కలు. ఏదీ దేనికీ జత కాదు. అయినా లోపలికి వెళ్ళినవారికి లేవబుద్ధయ్యేది కాదు. ఫోటోలకు వచ్చిన కాలేజీ పిల్లలు దీన్ని బొహీమియన్ స్టైల్ అంటారని చెబితే, "పేరేదైనా గానీండి, ముందు కాళ్ళు తుడుచుకు రండి" అన్నారు. అడిగినవారికి ఓపికగా నేర్పేవారు. "మూలల్లోంచి సర్దుకు రాకూడదండి. మనిషి కూర్చునే చోట మొదలెట్టాలి" అనేవారు. తివాచీని తిరగేసి చూడనిదే మెచ్చుకోనిచ్చేవారు కాదు. "ముడులన్నీ వెనకాలే కదండీ ఉంటాయి!" మన చెమ్మకు ఉన్ని ముక్కిపోతుందని, వానాకాలంలో ఎండ కాసిన ప్రతి పూటా అన్నిటినీ అరుగు మీదికి మోసుకొచ్చి దులిపేవారు.

మా పారాయణ వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట జరుగుతుంది. ఒక్కసారి తన ఇంట్లో, ఆ తివాచీల మీద, అందరం కూర్చుని చదవాలన్నది ఆమె కోరిక. ఎవరింట జరగాలో చెప్పేది నేను.

"అక్కగారండీ, వచ్చే ఏకాదశికి మా ఇంటికి రండి. అందరికీ సరిపడా పరుస్తాను."

"ఎవరెవరి కాళ్ళో తొక్కినవమ్మా అవి. మైల. వాటి మీద కూర్చుని భగవన్నామమా?"

ఆరోజు ముసురు. నూలుచీర ఆరక, మడికి ధావళి కట్టుకున్నాను. అది ఉన్ని బట్ట. ఉన్నికి మైల అంటదని మా ఇంటి ఆచారం. ఆమె దానివంక చూసి, "ఇదీ ఉన్నేనాండీ?" అన్నారు. వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగారు.

"అది వేరు" అన్నాను. ఎలా వేరో చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా!

మరెప్పుడూ అడగలేదు. ప్రతి ఏకాదశికీ వచ్చి, అందరికన్నా వెనక, వట్టి నేల మీద కూర్చుని వినేవారు.

ఆమె పోయాక నిద్ర పట్టలేదు. శుచి గురించి ఇంత చదివి, ఒక మనిషి మనసును అశుచి చేశానన్న ఆలోచన కాల్చేసింది. పదకొండో రోజున ఆ ఇంట్లో, ఆ తివాచీల మీదే పారాయణ చేయాలని బృందంతో కలిసి వెళ్ళాను. తలుపు తీసేసరికి వట్టి సిమెంటు గచ్చు. గోడలకు మేకులు.

"తివాచీలేవమ్మా?" అని ఆమె మరదలిని అడిగాను.

"నిన్న ఇల్లు శుద్ధి చేసేం కదండీ. కాలవగట్టున తగలబెట్టించేసేమండి."

"అన్నీనా?"

"ఆయ్. ఎవరికన్నా ఇద్దామన్నారండి మా ఆయన. మైలవని మీరన్నారని వదినగారు చెప్పి ఏడ్చేరండి ఒకసారి. మీ అంతటివారే అన్నాక, ఇంకోళ్ళకి ఎలా ఇస్తామండీ?"

ఆ ఇల్లాలి ముఖంలో నిష్ఠూరం లేదు. నా మాటను నాకన్నా భక్తిగా పాటించింది.

గచ్చు మీద కూర్చుని చదివాం. చదువుతూ రెండుసార్లు ఆపాను. మూడోసారి పుస్తకం పక్కావిడకు ఇచ్చేశాను. రంగులను, మనుషులను ఒక్కచోట చేర్చగలిగిన అలాంటి చెయ్యి మళ్ళీ మన ఊళ్ళో పుట్టదు. ఉన్నన్నాళ్ళూ ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టినదాన్ని నేను. పశ్చాత్తాపపడితే భగవంతుడు క్షమిస్తాడని ఎందరికో చెప్పాను. క్షమిస్తాడేమో. కానీ సత్యవేణి గారూ, నేను మనసు నొప్పించింది ఆయనను కాదు, మిమ్మల్ని. మీరు లేరు.