నాన్న పెట్టిన దర్వాజ

మా నాటకాల కొట్టం దర్వాజ నా భుజాల దాకే వచ్చేది. లోపలికి పోవాలంటే ఎవరైనా నడుము వంచాల్సిందే. పదో తరగతికి వచ్చేసరికి ఆ పైబండ దెబ్బ నుదుటి మీద తినని మనిషి మా మాదిగవాడలో లేడు. నేను రెండుసార్లు తిన్నాను. రెండోసారి తిన్నప్పుడు కోపమొచ్చి బండను కాలితో తన్నబోయి, అది భుజాల ఎత్తున ఉందని గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది. నా కోపాలన్నీ ఇట్లాంటివే.

వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ పోయే తోవలో మా ఊరు. నేను పుట్టక ముందు ఊరి నడుమ చావడి దగ్గర నాటకాలు ఆడేవాళ్లట. వాటికి డప్పు కొట్టింది మావాళ్లే గాని, కూర్చుని చూసే చోటు మావాళ్లకు లేదు. అందుకని వాడవాళ్లు తమ నాటకాలు తామే ఆడుకోవడానికి ఒక కొట్టం కట్టుకున్నారు. రాతి గోడలు, మీద రేకులు, ఒక చివర మట్టి అరుగు. ఆ అరుగే స్టేజి. కట్టిన మేస్త్రి మా నాన్న. దర్వాజకు తలుపు లేదు. రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా ఒక పైబండ, అంతే. పని లేనప్పుడు తడక అడ్డం పెట్టేవాళ్లు. టీవీలొచ్చాక నాటకాలు పలచబడి, ఆగిపోయాయి. కొట్టంలోకి ఎరువు బస్తాలొచ్చాయి, ఎలక్షన్ల జెండా కట్టెలొచ్చాయి, ఒక మేక కూడా కొన్నాళ్లు కాపురం పెట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నాకు సొంత ఊరి బడికే బదిలీ అయింది. ఆ ఎండాకాలం వాడలోని యువజన సంఘంవాళ్లు కొట్టాన్ని బాగుచేయాలని పట్టుబట్టారు. పిల్లలకు డప్పు, కోలాటం నేర్పాలి. పండగలకు మళ్లీ నాటకాలు ఆడాలి. చర్చికి పోయే కుటుంబాలవాళ్లు క్రిస్మస్ పాటలు అక్కడే ప్రాక్టీసు చేసుకోవాలి. ఒక మూల నాలుగు పుస్తకాలు పెట్టాలి. బొంబాయి, పూనా పనుల నుంచి ఇంటికొచ్చినవాళ్లు తలా రెండు రోజులు చెయ్యేశారు. గోడల పగుళ్లు పూడ్చారు, తుప్పు పట్టిన రేకులు దించారు. దర్వాజ దగ్గరకొచ్చే దాకా అంతా సాఫీగానే నడిచింది.

"అక్కా, తల వంచుకుంట పోయే దర్వాజ మనకెందుకు? పైబండ తీసి ఎత్తు లేపుదాం" అన్నాడు సంఘం లీడరు. వాడి నుదుటి మీద కూడా పాత మచ్చ ఉంది. అందరూ నా వైపు చూశారు. కట్టింది మా నాన్న కాబట్టి నా మాటే చివరి మాట అట. బడిలో పిల్లలు కూడా నా మాట వినరు. ఇక్కడ ఇంతమంది వింటామనేసరికి నాకు భయమేసింది.

ఎందుకంటే ఆ దర్వాజ గురించి మా వాడలో రెండు ముచ్చట్లు ఉన్నాయి. రెండింట్లోనూ ఊరి పెద్ద పటేలు ఉంటాడు. ఒకటి, నాటకాల్లో రాజు వేషాలు వేసిన ముసలాయన చెప్పేది. ఆయన నాకు వరుసకు పెద్దనాయన.

"కొట్టం లేస్తుంటే పటేలు వచ్చి సూసిండు బిడ్డా. మీ దర్వాజ నా దర్వాజంత ఉంటదా అన్నడు. మీ నాయిన ఏం జేస్తడు? కిందికి దించిండు. గంతే."

రెండోది మా మేనత్త చెప్పేది. ఆమె నాన్నకు సొంత చెల్లెలు.

"దించలే. కావాలనే గట్ల పెట్టిండు. నాటకం సూడనీకె పటేలు గూడ వస్తడు గద. వస్తే తల వంచి రావాలె. వంచిండు గూడ. నా కండ్లతోటి సూసిన."

దర్వాజ అదే, ఎత్తు అదే. ఒక ముచ్చటలో నాన్న తల వంచాడు, ఇంకో ముచ్చటలో పటేలు తల వంచాడు. చిన్నప్పుడు అత్త మాట నమ్మాను. కాలేజీలో చేరి, తెలివొచ్చిందనుకున్నాక పెద్దనాయన మాటే నిజమనిపించింది. ఉద్యోగమొచ్చాక, కడుపు నిండాక, మళ్లీ అత్త వైపు జరిగాను. నాకు నాలుగేళ్లప్పుడు నాన్న కాలువ పనికి పోయి మట్టిపెళ్ల కూలి చనిపోయాడు. ఫోటో లేదు. ముఖం గుర్తు లేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన పేరెత్తితే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది. నాన్న అంటే నాకు తెలిసింది ఆ దర్వాజ ఒక్కటే. పటేలు మాటకు భయపడి దించి ఉంటే దాన్ని పీకి పారేయాలి. కావాలని పెట్టి ఉంటే ఎవరినీ చెయ్యి వేయనివ్వకూడదు. ఆయన ఎట్లాంటి మనిషో తేలకుండా నేనేం చెప్పాలి?

సోమవారం పెంచమన్నాను. మంగళవారం ఆగమన్నాను. బుధవారం సంఘంవాళ్లు వస్తే టీచరు ఇంట్లో లేదని చెప్పాను. తలుపు వెనక నుంచి చెప్పింది నేనేనని వాళ్లకు తెలుసు. పాపం, నవ్వుకుంటూనే వెళ్లిపోయారు.

గురువారం ఇక సిగ్గుపడి పెద్దనాయన దగ్గరికి పోయాను. ఆయన తన ఇంటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"పెద్దనాయినా, పటేలు వచ్చిన్నాడు నువ్వు కొట్టం కాడ ఉన్నవా?"

"నేనా? నేను బొంబాయిల ఉంటి. వచ్చినంక చెప్పిండ్రు."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరేంది, అందరు."

అత్త దగ్గరికి పోయాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. నాన్న దర్వాజ పెడుతుంటే నువ్వు చూశావా అని అడిగాను.

"అప్పటికే నా లగ్గమయింది గద. ఉప్పునుంతలల ఉంటి."

"మరి పటేలు వంగింది సూసిన అంటివి?"

"సూసిన. శానేండ్లకు, పుట్టింటికి వచ్చినప్పుడు. నీతోని అబద్ధం చెప్తనా? నీ బడి పిల్లలనడిగినట్టు అడుగుతున్నవ్. ఇది పరీక్షనా?" అని చాట నా వైపు నుంచి అటు తిప్పేసుకుంది.

ఇల్లిల్లూ తిరిగాను. కొట్టం కట్టిన ఏడాది ఒకరు డ్యాము పనిలో ఉన్నారు, ఒకరు రోడ్డు పనిలో, ఇంకొకరు అచ్చంపేట వైపు కంకర పనిలో. ఏటా పది నెలలు మా వాడ సగం ఖాళీ. ఒకళ్లిద్దరు ఊళ్లో ఉండి కట్టిన దర్వాజ అది, ఆ ఒకళ్లిద్దరూ ఇప్పుడు లేరు. దాన్ని పెట్టేటప్పుడు చూసినవాళ్లు ఒక్కరు కూడా మిగల్లేదు. రెండు ముచ్చట్లూ చెప్పగా విన్నవే. నాకు పిచ్చెక్కినట్టయింది. ఇన్నేళ్లు నేను ఎవరి మాట పట్టుకుని ఎవరి మీద కోపం తెచ్చుకున్నానో నాకే అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున గద్వాల నుంచి పిలిపించిన రాతిపని మేస్త్రి నా నస భరించలేక ఒక మాటన్నాడు. "టీచరమ్మా, మీరు పెంచమన్నా వద్దన్నా నాకు ఒక్కటే. ఎడమ దిక్కు నిలువు బండ ఊగుతుంది. ఎంత లోతుల పాతిండ్రో సూడాలె. మొదలు సూసినంక మీ పంచాయితీ మీరు తెంపుకోండ్రి."

గడ్డపార అందుకుని బండ మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు. జానెడు పోయింది. మూరెడు పోయింది. బండ అడుగు అందలేదు. మేస్త్రి ఆగి, చేత్తో మట్టి తుడిచి, బండ ముఖాన్ని నిమిరాడు. చాలాసేపు నిమిరాడు.

"భూమిల పాతే బండను ఎవ్వరు గింత నున్నగ చెక్కరు" అన్నాడు. "పాతేది మోటుగనే ఇడిస్తరు. ఇది నలుగురు సూడనీకె చెక్కిన ముఖం."

ఆ మాటకు సంఘంవాళ్లు, పెద్దనాయన, అత్త, అందరూ చుట్టూ చేరారు. మేస్త్రి ఇంకా దిగాడు. మట్టి తవ్వుతుంటే నాకు కాలువ పని గుర్తొచ్చింది. జాగ్రత్త, పక్కలు కూలుతాయి అన్నాను. అది మోకాలి లోతు గుంట. మేస్త్రి నవ్వబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. రెండున్నర అడుగుల లోతులో గడ్డపార ఠంగుమంది. మట్టి తీస్తే ఒక బండ గడప. దాని అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. మేస్త్రి ఆ గడప మీద నిటారుగా నిలబడ్డాడు. ఆయన తలకు, పైబండకు మధ్య జానెడు పైనే సందు ఉంది.

గుంట పక్కల్లో మట్టి పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఎర్రది, నల్లది, మొరం, మళ్లీ ఎర్రది.

"గంప మట్టి" అన్నాడు పెద్దనాయన మెల్లగా. "ఏటా నాటకానికి ముందుగాల ఇంటికో గంప మట్టి పోసి తొక్కుతుంటిమి గద. కాళ్ల కింద దుమ్ము లేవొద్దని. ఎవరి చేను మట్టి వాళ్లు తెస్తుండ్రి." గుంటలోకి తొంగిచూసి, "ఎనకెనక నా కిరీటం దూలానికి తాకుతుండె. దూలం దిగిందనుకున్న" అన్నాడు.

బయట బజారు కూడా మొరం పోసి పోసి ఎత్తయింది. లోపల నేల ఏడాదికి వేలెడు లేచింది. ఏడాదికోసారి ఇంటికొచ్చేవాళ్లకు ఆ వేలెడు ఎట్లా తెలుస్తుంది? ఏటికేడు ఆ దర్వాజ నాకు చిన్నదవుతుంటే, నేను ఎదుగుతున్నానని మురిసిపోయాను. నాన్న దర్వాజ దించలేదు, పటేలును వంచడానికీ పెట్టలేదు. అందరిలాగే నిలువెత్తు దర్వాజ పెట్టి కాలువ పనికి పోయాడు. దాన్ని పొట్టి చేసింది మేమే, మా కాళ్లతో తొక్కి తొక్కి.

"మరి పటేలు అన్న మాట?" అని అడిగాను.

"ఏమో బిడ్డా. అన్నడనే విన్న. అంటే మీ నాయిన వినలేదేమో. అసలు అన్లేదేమో. నాకైతె తెల్వదు."

నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నాన్న తల వంచలేదు, అంత వరకు నిజమే. కానీ అత్త ముచ్చటలోని నాన్న, పటేలు చేత తల వంచించిన నాన్న కూడా పోయాడు. ఇంటికొచ్చి గిన్నెలన్నీ కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. సాయంత్రం సంఘంవాళ్లు వచ్చి, నేలంతా తవ్వి గడప తేల్చాలా, నేల ఉన్నది ఉన్నట్టు ఉంచి పైబండ లేపాలా అని మళ్లీ నన్నే అడిగారు. తవ్వితే వాననీళ్లు లోపలికి దిగుతాయని మేస్త్రి హెచ్చరించాడట. తవ్వకపోతే నాన్న గడప మట్టిలోనే ఉంటుంది. తవ్వితే వాడంతా ఇన్నేళ్లు పోసిన మట్టి పోతుంది. తవ్వండి అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. వద్దని ఉంటే అదీ సరైనదే అయి ఉండేదేమో.

మూడు వారాలు మట్టి మోశారు. బయట నీళ్లు మళ్లడానికి మోరీ తీశారు, బజారు నుంచి గడప దాకా మెట్లు కట్టారు. బడులు తెరిచే ముందు ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనలు అయ్యాక, కొట్టం తెరిచారు. డప్పులు ముందు నడిచాయి. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. మెట్లు దిగిన ప్రతి మనిషీ దర్వాజ దగ్గరకొచ్చి నడుము వంచుతున్నాడు. తల పైన జానెడు సందు ఉన్నా వంగే పోతున్నారు. నవ్వొచ్చింది. మట్టి తీసేసిన మొదటి రోజు నేనూ అట్లాగే వంగి పోయానని గుర్తొచ్చి నవ్వు ఆగింది.

అత్త గడప ముందు నిలబడిపోయింది. వెనక జనం ఆగారు.

"కోడలా, ఇన్నేండ్లు అందరికి పటేలు వంగిన ముచ్చట చెప్పిన. ఇగ మీ నాయిన గురించి ఏం చెప్పాలె?"

పొడుగు దర్వాజ పెట్టాడని చెప్పు అనబోయాను. అదేం ముచ్చట? పొడుగు దర్వాజలు ఊళ్లో ఎన్ని లేవు?

"తెల్వదు అత్తా" అన్నాను.

అత్త నిలువు బండను ఎగాదిగా చూసింది. "తనకు సరిపోయేటట్టు పెట్టుకున్నడేమో. పొడుగుంటుండె" అంది.

ఆ మాట నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. నలభై ఏళ్లు ఆయన వంగాడా వంచాడా అని కొట్టుకున్నాను గాని, ఎంత పొడుగుండేవాడని అడగాలని నాకు తోచలేదు.

"ఎంత పొడుగుంటుండె?"

అత్త గడప మీదికెక్కి, నిలువు బండకు ఆనించి చెయ్యి పైకెత్తింది. తన తలకన్నా చాలా పైకి, మునివేళ్ల మీద లేచి.

"గింత" అంది.

నేను పోయి ఆ చేతి కింద నిలబడ్డాను. నా నెత్తికీ ఆ చేతికీ నడుమ బెత్తెడు సందు ఉంది. తల ఎత్తి ఆ సందును చూస్తుంటే ఏడుపొచ్చింది. నాన్న చనిపోయాడని నేను ఏడవడం అదే మొదటిసారి. అత్త చెయ్యి దించలేదు. వెనక ఉన్నవాళ్లు ఎవరూ జరగమనలేదు.