పార్కింగ్ లాట్‌లో ఆడిన మా యూసుఫ్ అన్న ఊరి సినిమా

నిన్న పొద్దున్నే మా అమ్మాయి లావణ్య ఫోన్ చేసి, "నాన్నా, యూసుఫ్ అంకుల్ ఇక లేరు" అంది.

నిద్రలోనే పోయాడట.

మొన్న సాయంత్రమే కదా, ఇక్కడ అమెరికాలో మా హెర్న్‌డన్ ఇంటి ముందు నిలబడి నా మిరప మొక్కలకు వంకలు పెట్టి వెళ్లాడు!

ఫోన్ పట్టుకుని గరాజ్‌లో అలాగే కూర్చుండిపోయాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అన్న వాళ్లది పాలస్తీనాలో ఆలివ్ తోటల ఊరు. పొలాల దారి సైనికులు మూసేస్తే, ఊరంతా రాయి కూడా ముట్టకుండా నడిచి వెళ్లి, ఆ గేటు ముందే దుప్పట్లు పరిచి భోజనాలు చేసేవాళ్లు. దెబ్బలు తిన్నా మళ్లీ వెళ్లేవాళ్లు.

అన్న కెమెరాతో అంతా తీశాడు. కాయలు దులపడం, రొట్టెలు కాల్చడం, పెళ్లిళ్లు, ఆ భోజనాలు.

కొడుకు దగ్గరికని మా వీధికి వచ్చాక, ఆ టేపులన్నీ కూర్చి లావణ్య డాక్యుమెంటరీ చేసింది.

నా కూతురండీ! నేను ఏడో తరగతి దాటలేదు. అది సినిమా తీసింది! తెర మీద దాని పేరు పడితే ఈల వేశాను, సిగ్గేముంది!

మన తెలుగువాళ్ల కమ్యూనిటీ హాల్లో వేద్దామని బుక్ చేస్తే, సరిగ్గా సినిమా వేసే రోజు మధ్యాహ్నం కమిటీ ప్రెసిడెంట్ గారు క్యాన్సిల్ చేశారు.

"మనకెందుకంకుల్ ఈ గొడవలు? అందరం వీసాల మీద ఉన్నాం. డిన్నర్ మాత్రం ఉంటుంది, రండి."

నా కూతురి కళ్లలో నీళ్లు చూశాను. ఆ ప్రెసిడెంట్ కాలర్ పట్టుకుందామని బయలుదేరాను.

అన్న అడ్డం నిలబడ్డాడు. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"బ్రదర్, నువ్వు కొడితే అందరూ నిన్ను చూస్తారు. సినిమా ఎవరు చూస్తారు? పద, వాళ్ల గుమ్మం ముందే భోంచేద్దాం."

అంతే! హాల్ ఎదుట పార్కింగ్ లాట్‌లో వ్యాన్‌కి నా తెల్ల జరీ పంచె కట్టాం. మా ఆవిడ పులిహోర తెచ్చింది. పొద్దుగూకగానే ప్రొజెక్టర్ ఆన్ చేశాం.

"మా ఊరికి బంగారు అంచు వచ్చింది బ్రదర్!" అని అన్న ఒకటే నవ్వు.

లోపలి జనం ప్లేట్లతో ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ముందు కుర్చీలో ఎవరనుకున్నారు? ప్రెసిడెంట్ గారి అమ్మగారు!

"అమ్మా, లోపలికి రా" అని కొడుకు పిలిస్తే, "అడ్డం తప్పుకోరా! ఆ ముసలావిడ చెట్టు పట్టుకుని కూర్చుంది, సైనికులు దాన్ని నరికారో లేదో చూడనీ!" అంది.

నా కడుపు నిండింది. కసి మాత్రం తీరలేదు.

ఎందుకంటే అన్న కోరిక ఒకటే. ఆ హాల్లోనే, దర్జాగా, తన ఊరు తెర మీద కనపడాలని. అది చూడకుండానే పోయాడు.

నిన్న మధ్యాహ్నం అదే ప్రెసిడెంట్ ఫోన్ చేశాడు. "అంకుల్, శనివారం మన హాల్లో సంతాప సభ పెడదాం. ఫోటోకి దండ వేసి నేను నాలుగు మాటలు మాట్లాడతాను."

వదులుతానా!

"పెట్టు నాయనా. ముందు సినిమా. మొత్తం. తలుపులు బార్లా తీసి. ఆ తర్వాతే నీ దండ, నీ మాటలు. లేదంటే మళ్లీ పంచె కడతాను, మీ అమ్మగారికి కుర్చీ నేనే వేస్తాను."



"సరే అంకుల్."

గెలిచాం అన్నా! ఏడుస్తూనే గంతేశాను. అతన్ని క్షమించలేదు, క్షమించను కూడా. శనివారం పక్కనే కూర్చుని, చివరి పేరు పడేదాకా లేవనివ్వను.

అందరూ రండి. పిల్లల్ని తీసుకురండి.

వెళ్లిరా అన్నా. నీ ఆలివ్ చెట్ల నీడలో చల్లగా నిద్రపో. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను.