నేను ఎంచి ఇచ్చిన యోగ పుస్తకం

డెబ్బది మూడేళ్ల వయసులో, ఆల్థాన్‌లోని మా ఇంటి ముందుగదిలో చాప పరచుకొని, దాని మీద వెల్లకిల పడుకొని, యోగాభ్యాసం కొత్తగా మొదలుపెట్టేవారి కోసం అచ్చయిన మూడు పుస్తకాలను పరీక్షిస్తున్నాను. తల పక్కన నేల మీద తెరిచి ఉంచితే పుస్తకం తనంతట తాను మూసుకుపోతున్నదా? కాళ్లు పైకెత్తిన మనిషికి బొమ్మ కనిపిస్తున్నదా? ఈ ఆసనం ఎవరు చేయరాదో ఆ పుటలోనే చెప్పారా, లేక ఆ హెచ్చరిక గ్రంథం చివర ఎక్కడో దాగి ఉన్నదా?

వంటగది గుమ్మంలో నిలబడి మా ఇల్లాలు చూసింది.

"చదువుతున్నారా? లేక పుస్తకమే మిమ్మల్ని పడగొట్టిందా?" అన్నది.

"ఎంచుతున్నాను" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లింది. మూడేళ్లుగా మా ఇంట్లో ఎవరమూ ఆ మాట పలకలేదు.

తెలుగు నేలకు దూరంగా ఉన్న ఈ నగరంలో నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు ఉపాధ్యాయుడిని. నా వద్ద చదువుకున్నవారిలో అధికులు ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి వచ్చినవారి పిల్లలు. నేను పదవీ విరమణ చేసిన చాలా ఏళ్లకు ఆ తండ్రులు తమ సంఘం హాలులో ఆదివారం ఉదయాన యోగ తరగతి ఏర్పాటు చేసుకున్నారు. నేర్పేది ఇక్కడే పుట్టి పెరిగిన మన అమ్మాయి. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చును, చదవటం రాదు. అందువల్ల తరగతికి తోడుగా ఇంటి వద్ద చూసుకోవడానికి ఒక తెలుగు పుస్తకాన్ని ఎంచవలసిన బాధ్యత నాకు అప్పగించారు.

ఆ పుస్తకం అవసరం అందరికీ ఉండే అవసరం వంటిది కాదు. మగ్గాల హోరులో పన్నెండేసి గంటలు నిలబడే మనిషికి కొన్నేళ్లలో చెవులు మందగిస్తాయి. ఎదుటివారి పెదవులను చూసి మాటను పట్టుకోవడం అలవాటవుతుంది. తరగతిలో "కళ్లు మూసుకోండి" అని ఆ అమ్మాయి అనగానే వారికి ఆమె మాయమయ్యేది. మొదటి ఆదివారమే, కడోదరాలో మగ్గాలు నడిపే యాభై ఏళ్ల మనిషి ఒకడు లేచి నిలబడి అడిగాడు:

"కండ్లు మూసుకో అంటవు బిడ్డా, చెవులేమో మగ్గం తినె. ఇగ నువ్వు ఏడున్నవో మాకెట్ల ఎరుకైతది?"

హాలంతా నవ్వింది. ఏమన్నాడో వినబడనివారు కూడా, నవ్వే ముఖాలను చూసి నవ్వారు.

నా ముందుకు రెండు పుస్తకాలు వచ్చాయి. మొదటిది పలుచనిది. పుటకు ఒక పెద్ద బొమ్మ, దాని కింద నాలుగు పొట్టి వాక్యాలు, అంచున ఎర్రగీతల చట్రంలో ఎవరు చేయరాదో చెప్పే రెండు పంక్తులు. బాలశిక్ష వలె ఉన్నదని దాన్ని పక్కకు నెట్టాను. రెండవది వెనుకటి తరం పండితుడొకరు రచించినది, మళ్లీ అచ్చయినది. దాని వచనం నిండుగా, గంభీరంగా, ఒక వాక్యం భుజం మీద మరొక వాక్యం చెయ్యి వేసుకొని నడిచినట్లు నడుస్తుంది. పీఠిక చదివాను. ఆసనాల తొలి ప్రకరణం చదివాను. ఇటువంటి భాష ఆ కార్మికుల ఇళ్లలోకి వెళ్లడమే ఒక మేలని భావించి పన్నెండు ప్రతులు తెప్పించి పంచాను. ప్రాణాయామ ప్రకరణాన్ని నేను చదవలేదు.

రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం, తరగతిలో నవ్వించిన ఆ మనిషే రెండు ఆటోలు మారి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపితే కూర్చోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు.

"సారూ, క్లాసుల మేడం ఇంక గింత దూరం రాలే. నేనే ఇంటికాడ ముంగటికి పోయిన" అన్నాడు, పుస్తకాన్ని తెరిచి నాకు అందిస్తూ. "గీ ఊపిరి ముచ్చట జర సదివి చెప్పుండ్రి. నాకు అచ్చరాలు వస్తయి గని, గిది మింగుడు పడ్తలేదు."

నా పెదవులు అతనికి కనబడేటట్లు ఎదురుగా కూర్చొని చదివాను. ఊపిరిని లోపలికి తీసుకొని బిగబట్టే విధానం, ఎంతవరకు లెక్కించాలో, ఆ లెక్కను ఎట్లా పెంచుతూ పోవాలో, అన్నీ ఆ మహావచనంలో ఉన్నాయి. చాలాకాలానికి నా గొంతుకు తగిన గద్యం దొరికింది. కొంతసేపటికి అతడు కుడి అరచేతిని ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నాడు. అది కదలలేదు. వాక్యం వాక్యానికీ అతని కనుబొమలు కొంచెం ముడిపడుతున్నాయి. రచన అతని హృదయాన్ని తాకిందని అనుకున్నాను. సాహిత్యం చెప్పి బతికినవాడికి శ్రోత దేహం మీద కనిపించే ప్రతి చలనమూ మెప్పుగానే తోస్తుంది. ఆ చేతిని చూసిన సంతోషంలో ఒక పేరాను రెండవసారి కూడా చదివాను.

ఇంతలో టీ వచ్చింది. చదవడం ఆపాను.

"గిది అందరు చెయ్యొచ్చునా సారూ?" అని అడిగాడు.

"శ్రద్ధ ఉన్నవారందరూ చేయవచ్చును" అన్నాను.

ఆ మాట పుస్తకంలో లేదు. అది నాది.

"మంచిగ సదివిండ్రు సారూ. సినిమా లెక్కనే ఉన్నది" అని, టీ తాగి, గ్లాసు తానే వంటగది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

అయిదు వారాల తరువాత, పనికి బయలుదేరవలసిన ఉదయం, తన గదిలో చాప మీదనే అతడు మరణించాడు. గుండె ఆగిందనీ, జబ్బు ఎప్పటినుంచో లోపల ఉన్నదనీ డాక్టరు చెప్పాడట. పుస్తకం ప్రస్తావన ఎవరూ తేలేదు. కర్మలు ముగిసిన తరువాత అతని భార్య, చీరముక్కలో చుట్టిన ఆ ప్రతిని నాకు తెచ్చి ఇచ్చింది.

"సంఘం పుస్తకం గదా సారూ. ఆయన పక్కకు తెరిచి ఉండె. మూసి తెచ్చిన."

ఏ పుట దగ్గర తెరిచి ఉన్నదని నేను అడగలేదు. ఆమెకు చదువు రాదు, అడిగినా చెప్పగలిగేది కాదు. ఆమె వెళ్లిన తరువాత నేనే వెతికాను. మగ్గాలకు వేసే నూనె ఎంత కడిగినా గోళ్ల సందున నిలుస్తుంది. అతని బొటనవేలు ఆనిన చోటల్లా పుట అంచున నల్లని మరక ఉన్నది. ఆసనాల పుటల మీద పలుచగా, ప్రాణాయామ ప్రకరణం మీద చిక్కగా. ఆనాడు టీ కోసం నేను ఆపిన చోట మరక అన్నిటికన్నా నలుపు. అక్కడి నుంచి రెండు పుటలు తిప్పితే ప్రకరణం చివర ఒకే ఒక వాక్యం ఉన్నది: గుండె బలహీనంగా ఉన్నవారు ఊపిరి బిగబట్టరాదని. వాక్యం ఎంతో సొగసైనది. ఆ పుట అంచు తెల్లగా ఉన్నది.

అప్పటినుంచి నేను ఏదీ పైకి చదవలేదు. చదవబోతే ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకొని అతడు కూర్చుంటాడు. కళ్లు నా పెదవుల మీద ఉంటాయి. బస్సులో చొక్కా జేబులోని ఫోను కోసం రొమ్ము తడుముకునే ప్రతి మనిషినీ చూసి లేచి నిలబడతాను. ఏమైందని అడగబోయి, మళ్లీ కూర్చుంటాను. మా ఇల్లాలు మొదట్లో ఓదార్చింది. తరువాత ఆ ప్రతిని అలమారులో బట్టల కిందికి మార్చింది. అది ఎక్కడ ఉన్నదో నాకు తెలుసునని ఆమెకూ తెలుసు.

కిందటి నెల యోగ నేర్పే ఆ అమ్మాయి ఫోను చేసింది.

"సార్, నవీ బ్యాచ్ స్టార్ట్ చేస్తున్నా. ఈసారి అందరూ లేడీసే. బుక్ మీరే పసంద్ చెయ్యాలి, హా? జర ఈజీగా ఉండాలె. పోయినసారిది బహుత్ భారీ అయిపోయింది."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నేను కాదంటే ఇంకెవరో నావంటివాడే ఎంచుతాడన్న భయం కలిగింది. ఒప్పుకున్నాను. అందుకే ఈ వయసులో చాప, ఈ వెల్లకిల పడుకోవడం. చివరకు, నాడు నేను పక్కకు నెట్టిన ఆ పలుచని పుస్తకాన్నే ఎంచాను. మొదటి పుట నుంచి అట్ట వెనుక వరకు, చేయరానివారి సంగతి ఉన్న ప్రతి పంక్తినీ రెండుసార్లు చదివి, ఆదివారం హాలుకు తీసుకువెళ్లాను.

వరుసలో అయిదవ మనిషి అతని భార్య.

"గిది గాదు సారూ" అన్నది, అట్ట చూసి. "ఆయన సదివింది ఇయ్యుండ్రి. మీ ఇంట్లనే ఉండాలె గదా."

"అది వద్దమ్మా."

"ఏంది, నాకు సదువు రాదనా? నా బిడ్డ సదివి చెప్తది."

ఆమెను కిటికీ దగ్గరకు పిలిచి అంతా చెప్పాను. చదవకుండా ఎంచిన సంగతి, అతడు మా ఇంటికి వచ్చిన సంగతి, నేను చదివింది, చదవకుండా ఆపింది, అందరూ చేయవచ్చునని నేను అన్న మాట, అతడు చెయ్యి పెట్టుకున్న తీరు. మూడేళ్లు నాలో తిరిగిన మాటలు చెప్పి ముగించేసరికి ఇంత కొద్దివా అనిపించింది.

"మీ ఇంటికొచ్చిండా? నాకు జెప్పనే లేదు" అన్నది. తరువాత, "చెయ్యి ఏడ పెట్టిండు? చూపియ్యుండ్రి" అన్నది.

నా రొమ్ము మీద చూపించాను. ఆమె ఆ చోటును చూస్తూ నిలబడింది.

"అన్నం తిన్నంక గట్లనే పెట్టుకుంటుండె. గ్యాసే, ఇంకేం లేదు అనెటోడు. నేను సోడా తెచ్చి ఇస్తుంటి."

తప్పు నాది కాదని ఆమె అనలేదు. నాదేననీ అనలేదు.

"సార్, చలో చలో! క్లాస్ లేట్ అవుతుంది!" అని ఆ అమ్మాయి ముందునుంచి కేకవేసింది.

ఆమె చెయ్యి చాచింది. "సరే తియ్యి. గీ బొమ్మలదే ఇయ్యుండ్రి."

పుస్తకం అందిస్తూ, ఆనాడు అడగవలసినది అడిగాను. "అమ్మా, నీకు ఎక్కడైనా నొప్పి ఉన్నదా? ఛాతీలో గాని, వెన్నులో గాని? దాచకుండా చెప్పు."

"నాకేం లేదు సారూ. మంచిగనే ఉన్న."

ఆమె ముఖాన్ని చూశాను. నిజమో కాదో చదవడానికి ఎంత ప్రయత్నించినా నాకు తెలియలేదు. పుస్తకం ఒక అంచు ఆమె చేతిలో ఉన్నది, మరొక అంచు నా చేతిలో.

"ఇడ్వుండ్రి సారూ" అన్నది, కొంచెం గట్టిగా లాగుతూ. "ఇంక పదిమంది ఉన్నరు ఎనుక."