అయ్యగారు చెప్పే గుర్తులు

కోడేరులో పొద్దున్నే ఐదింటికి, కోళ్లకంటే ముందు, పాస్టరు ఆశీర్వాదం అయ్యగారి మైకు లేస్తుంది. రేకుల చర్చి మీద పాతిన ఇనప గొట్టానికి రెండు లౌడ్‌స్పీకర్లు. ఒకటి కాలనీ వైపు, ఇంకొకటి రైతుల వీధి వైపు. దేవుడి మాట ఒక పక్కకే పోతే అన్యాయం కదా అని ఆయన వాదన. తిట్లు అందరికీ సమానంగా పంచాలని ఆయన ఉద్దేశమని రైతుల వీధి నాగప్ప అంటాడు.

ఆ గొంతు చర్చిలో పుట్టింది కాదు. ఇరవై ఏళ్ల వయసులో పూణె పక్కన కాలువ పనికి వలస పోయినప్పుడు, ఆశీర్వాదం గొంతు విన్న మేస్త్రీ ఆయన చేతిలోంచి పార తీసేసి వేరే పని అప్పగించాడు. తెల్లారకముందే లేచి, గుడిసె గుడిసెకూ తిరిగి, కూలీలను అరిచి లేపాలి. ఆరేళ్లు అదే పని. అక్కడే ఎవరో ఇచ్చిన బైబిలు పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి చర్చి పెట్టాక కూడా పని మారలేదు, లేపే కారణం మారిందంతే.

ఇక ఆయనకు గిట్టనివి చెప్పాలంటే ఈ కథ చాలదు. పుట్టినరోజు కేకు గిట్టదు. పెళ్లిలో డీజే గిట్టదు. మగపిల్లల చెవికి పోగు, ఆడపిల్లల కాళ్లకు జీన్స్ ప్యాంటు, ఆదివారం కబడ్డీ, సినిమా పాట రింగుటోను, ఇవేవీ గిట్టవు. ఒకసారి నూడుల్స్ మీద నలభై నిమిషాలు చెప్పాడు. అప్పటికి ఆయన వాటిని తినలేదు. తిన్నాక ఇంకో అరగంట చెప్పాడు.

అయితే ఆయనకో నియమం ఉంది. మైకులో ఎవరి పేరూ ఎత్తడు. పేరెత్తితే మనిషి పరువు పోతుందట. అందుకని గుర్తులు చెబుతాడు. "కోడేరుల ఒక ఇల్లుంది. పచ్చ గేటు. వాకిట్ల రెండు బర్లు. ఆ ఇంటాయన నిన్న ఏడికి పోయిండో, ఏం తాగిండో దేవునికి తెల్వదా?" అంటాడు. ఊళ్లో పచ్చ గేట్లు మూడు. మూడిళ్లలోనూ రెండేసి బర్రెలు. ఆ పూట మూడిళ్ల ఆడవాళ్లూ మొగుళ్లను నిలదీశారు. సాయంత్రానికి ముగ్గురూ గేట్లకు నీలం రంగు వేయించారు. నిజంగా తాగింది ఒక్కడే, మిగతా ఇద్దరూ ముందుజాగ్రత్తగా వేయించారు.

ఒకసారి కుర్రాళ్లు పంచాయతీ పెట్టి మైకు ఆపించారు. రెండు రోజులు ఆగింది. మూడో రోజు నాగప్పే వచ్చి చర్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అయ్యగారూ, తిడితే తిట్టుకో గాని లేపు. రెండు దినాలాయె, లేసేసరికి కరెంటు పోతుంది. మోటరు ఎయ్యలే, మడి ఎండుతుంది" అన్నాడు.

మైకు మళ్లీ మొదలైంది. దానికితోడు యూట్యూబులో ఛానలు కూడా వెలిసింది. బైబిలుకు ఆనించి ఫోను నిలబెట్టి మాట్లాడతాడు. చూసేవాళ్లు మూడు వందలు, అందులో సగం మంది తిట్టడానికే వస్తారు. అద్దాలు పెట్టుకుని ఆ తిట్లన్నీ వరసగా చదివి, "బైబిల్ల రాసినట్టే మనకు శ్రమలు వస్తున్నయి లలితా, మనం సరైన తోవలనే ఉన్నం" అని భార్యతో సంబరంగా చెప్పుకుంటాడు. లలితమ్మ విని, "శ్రమ ఒంటికి మంచిదేనయ్యా, జర బిందె ఎత్తు" అంటుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఒకటి ఉంది.

నాలుగేళ్ల కింద నాగప్ప కూతురు నవనీత నీలం స్కూటీ మీద నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీకి పోయి వచ్చేది. ఒకరోజు మైకు లేచింది. "ఒక నీలం బండి ఉంది. దాని మీద ఒక ఆడపిల్ల. గాలికి చున్నీ ఎగురుతుంటది. తోవ తప్పిన బండి ఏడ ఆగుతదో ఆ తండ్రికి తెల్సా?" ఊళ్లో నీలం స్కూటీ ఒక్కటే. నాగప్ప ఊరి మొహం చూడలేక బండికి తాళం వేశాడు. ఏడాదికి తాళం తీశాడు గానీ, అప్పటికే నవనీత పరీక్షలు తప్పిపోయి, ఒక ఏడాది చదువు మట్టిలో కలిసింది. ఆ సంగతి అయ్యగారికి తెలుసు. తెలిసీ, మైకులో పోయిన మాట వెనక్కి రాదని ఊరుకున్నాడు. ఆయన మీద నాకు కోపం ఉన్నది అక్కడే.

దేవుడికి కూడా ఉన్నట్టుంది. ఈ ఏడు ఆయన కూతురు హెప్సిబాకు మన్ననూరులో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారమే చేరాలి, లేదంటే ఉద్యోగం వేరేవాళ్లకు పోతుంది. అడవిలో చెంచులుండే పెంటలన్నీ తిరగాలి, కాబట్టి బండి నడపడం వచ్చి ఉండాలని ఉత్తరంలోనే రాశారు.

"అడివిల? ఒక్కదానివి? బండి మీద?" అన్నాడు అయ్యగారు. మూడు ప్రశ్నలకూ ఆయనే జవాబు చెప్పుకున్నాడు. "వద్దు బిడ్డా."

"అడివి కాదు నాయనా నీ భయం. నీలం బండి" అంది హెప్సిబా. "నవనీతక్కను అన్న మాట నీకు అడ్డమొస్తుంది. నేను బండెక్కితే ఊరు నిన్ను అడుగుతది."

కూతురు చెప్పింది నిజం. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. శుక్రవారానికి హెప్సిబా సర్టిఫికెట్లు మళ్లీ పెట్టెలో పెట్టేసింది. అది చూసి లలితమ్మ అన్నం ముట్టలేదు. అయ్యగారు తిన్నాడు గానీ ఏం తిన్నాడో ఆయనకే తెలియదు.

శనివారం పొద్దున్న ఐదింటికి మైకు లేచింది. ఆ రోజు అంశం విధేయత. "తండ్రి మాట వినే బిడ్డ..." అని రాగం తీస్తూ చెప్పు విడిచి కాలు ముందుకు పెట్టాడు. చాప మడతలో ఎర్ర తేలు ఉంది.

"వామ్మో! సచ్చిన్రో! అమ్మా!"

రెండు లౌడ్‌స్పీకర్లూ ఆ కేకను ఊరి రెండు పక్కలకూ సమానంగా పంచాయి. అయ్యగారు దేవుణ్ణి కాకుండా అమ్మను పిలవడం ఊరు వినడం అదే మొదలు. జనం దుప్పట్లతోనే బయటికి వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది నవనీత. నీలం స్కూటీ తెచ్చి చర్చి గుమ్మం ముందు ఆపి, తాళంచెవి హెప్సిబా చేతిలో పెట్టింది.

"ఎక్కుండ్రి అయ్యగారూ, దవాఖానకు" అంది.

ఆయన బండిని చూశాడు. గుమిగూడిన ఊరిని చూశాడు. కాలు మంటలో పెట్టినట్టుంది, చెమటలు కారిపోతున్నాయి. అయినా, "ఆటో లేదా?" అన్నాడు.

"ఆటో వచ్చేసరికి నిన్ను మొయ్యనీకె నలుగురు కావాలె. ఎక్కు!" అంది లలితమ్మ. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అంత గట్టిగా మాట్లాడలేదు. మైకు ఇంకా ఆపలేదు కాబట్టి అది కూడా ఊరంతా విన్నది.

అయ్యగారు ఎక్కాడు. మొదట ఒక చేత్తో సీటు పట్టుకున్నాడు. మలుపు దగ్గర రెండు చేతులతో కూతురి భుజాలు పట్టుకున్నాడు. గుంత వస్తే తప్పిస్తోంది, బర్రె వస్తే ఆగుతోంది. నొప్పిలో కూడా ఆయనకు అర్థమైంది, ఇది ఇవాళ నేర్చిన నడక కాదని.

"నీకు ఇది ఎప్పుడొచ్చింది బిడ్డా?"

"రెండేండ్లాయె నాయనా. నవనీతక్క నేర్పింది."

"నాకెట్ల తెల్వదు?"

"రోజూ పొద్దుగాల ఐదింటికి నేర్చుకున్న. నువ్వు మైకు కాడ ఉంటవు గద."

దవాఖానలో సూది వేశారు. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె కూడా స్కూటీ మీదే వచ్చింది. సాయంత్రం దాకా అయ్యగారు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ఆదివారం ఐదింటికి కుంటుకుంటూ పోయి మైకు పెట్టాడు. ఊరంతా చెవులు రిక్కించింది.

"కోడేరుల ఒక ఇల్లుంది" అన్నాడు. "చర్చి పక్కనే. వాకిట్ల మునగచెట్టు. గేటు లేదు, తడిక ఉంది. ఆ ఇంటాయన కాలికి కట్టుంది. ఆయన నాలుగేండ్ల కింద ఒక పరాయి బిడ్డను ఈ మైకులనే అన్నడు. ఆ పిల్లకు ఒక ఏడు చదువు పోయింది. ఏ తప్పూ లేని పిల్ల. తప్పంతా ఆ ఇంటాయనది. ఆ పిల్ల బండి మీదనే నిన్న ఆయన పానం దక్కింది." కట్టున్న కాలు సర్దుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆ ఇంటి బిడ్డ రేపు మన్ననూరుకు నౌకరికి పోతుంది. బండి నడుపుతది. అందరూ ప్రార్థన చెయ్యుండ్రి. జీన్స్ మాత్రం ఎయ్యదు."

రైతుల వీధిలో మోటరు వేయడానికి బయల్దేరిన నాగప్ప గుమ్మంలోనే కూలబడ్డాడు. ఇంట్లో నవనీత ఏడుస్తోందని ఆయనకు వినిపిస్తూనే ఉంది, కానీ లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు. తాళం వేసింది తనేగా.

సోమవారం ఐదింటికి మైకు లేవలేదు.

తొలి బస్సు ఐదున్నరకు. హెప్సిబా నీలం స్కూటీ నడుపుతోంది. బస్టాండు నుంచి బండి తిరిగి తేవడానికి నవనీత ముందే నడిచిపోయింది. వెనక సీటు మీద ఒళ్లో కూతురి పెట్టె పెట్టుకుని అయ్యగారు కూర్చున్నాడు. ఊరు ఇంకా నిద్రలోనే ఉంది. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. రెండు సందులు ఓపిక పట్టాడు. మూడో సందులో ఇక ఆయన వల్ల కాలేదు.

"లేవుండ్రి!" అని అరిచాడు, పూణె కాలువ మీద గుడిసె గుడిసెకూ అరిచినట్టే, మైకు లేకుండా. "ఎల్లయ్యా, లే! ఎంకమ్మా, లే! నాగప్పా, మోటరెయ్యి! నా బిడ్డ హెప్సిబా నౌకరికి పోతుంది, లేవుండ్రి!"

గుర్తులు చెప్పడం ఆ పూట ఆయన మరిచిపోయాడు. అందరినీ పేరు పెట్టే పిలిచాడు.