కోడిగుడ్ల బుట్ట, తొమ్మిది గంటల బడి

జూన్ పదమూడు, బుధవారం, సాయంత్రం నాలుగున్నర. ప్రొద్దుటూరులో మా బడి ఆఫీసు గది. హాజరైనవారు: హెడ్మాస్టరుగా నేను, కమిటీ సభ్యులిద్దరు (ఒకరు బట్టల వ్యాపారి, ఒకరు పాత కరణంగారు), కూతురికి సీటు అడగడానికి వచ్చిన ఒక తండ్రి. డైరీలో ఇంతవరకూ అక్షరాలు కుదురుగా ఉన్నాయి. ఆ కింద అన్నీ కొట్టివేతలే.

ఆ తండ్రిని ఊరంతా ఎరుగును. జమ్మలమడుగు వైపు ఒక నాయకుడి వెంట తిరిగి, ఆయన కోసం జైలుకు పోయినవాడు. ఇతను బయటికొచ్చేసరికి ఆ నాయకుడు పార్టీ మారి, పాత శత్రువుతో ఒకే జీపులో ఓట్లడుగుతున్నాడు. ఇక అవన్నీ మానుకున్నానని, బస్టాండు దగ్గర సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటున్నానని చెప్పాడు. పులివెందుల అవతల అత్తగారింట్లో పెరిగిన ఏడేళ్ల కూతురిని తెచ్చుకున్నాడు. రెండు బళ్లు అప్పటికే కాదన్నాయి. మేమూ కాదంటే పిల్ల వెనక్కి పోవలసిందే.

నేను నమ్మలేదు. వ్యాపారి అసలే నమ్మలేదు. మా బడికి ఎదురు సందులో ఇతని పాత ప్రత్యర్థుల ఇల్లుంది. పిల్లను అడ్డం పెట్టుకుని ఆ ఇంటిమీద కన్నేయడానికే వచ్చాడని ఆయన వాదన.

అతని చేతుల్లో తుండుగుడ్డ కప్పిన బుట్ట ఉంది. మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా దాన్ని నేలమీద పెట్టాడు. ఒక్కొక్క వేలే వెనక్కి తీసుకున్నాడు. మా వైపు ఏ వస్తువును అంత పదిలంగా దించుతారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వ్యాపారి కుర్చీ తన్నేసి వరండాలోకి ఉరికాడు. కరణంగారు బీరువా వెనక్కి నక్కారు. నేను హాజరుపట్టీని గుండెకు అడ్డం పెట్టుకున్నాను.

"ఏందప్పా అది?" అన్నారు కరణంగారు, బీరువా వెనక నుంచే.

"గుడ్లు సార్. నాటుకోడివి. సింహాద్రిపురం నుంచి మా అత్త పంపిచ్చింది."

"గుడ్లను ఎవురన్నా అట్ల దించుతారా?"

"నా చేతులకు ఇంగో మాదిరి దించేది రాదు సార్."

"వింటిరా సారూ, వాని నోటితోనే చెప్తాండాడు!" అని వరండాలోంచి వ్యాపారి కేక.

"లోపలికి రా మామా. గుడ్లు పేలవులే" అన్నాడతను. కరణంగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"రేపు తొమ్మిదికి పిల్లను తీసుకుని పెద్దబాటన ఒక్కడివే రా. వస్తే చేర్చుకుంటాను" అన్నాను.

"కరెక్టుగా తొమ్మిదికేనా సార్? ఒగదినం కొంచెం ముందు, ఒగదినం కొంచెం ఎనక రాకూడదా? దావ మారిస్తే?"

"ఎందుకట్లడుగుతాండావు?"

"దినామూ ఒకటే టైముకు ఒకటే దావన పోయినోళ్లనే ఏసేసినారు సార్. నేనట్ల నడిచి శానా ఏండ్లాయ."

అతను వెళ్లాక వ్యాపారి, "రాడు. వచ్చినా పదిమందిని ఎంటేసుకొని వస్తాడు" అన్నాడు. డైరీలో నేనూ 'రాడు' అనే రాశాను.

మర్నాడు ఎనిమిదిన్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. వ్యాపారి అంగడి తెరవకుండా ఎదుటి టీకొట్టులో కూర్చున్నాడు. తొమ్మిది గంట కొడుతుండగా బజారు వైపు నుంచి పెద్దబాటనే అతను నడిచి వచ్చాడు. వెంట కూతురు తప్ప ఎవరూ లేరు. నడుము దగ్గర ఏమీ లేదని అందరికీ కనబడేలా చొక్కాను లోపలికి దోపుకున్నాడు. చెమటకు వీపంతా తడిసిపోయింది. నేను ఎదురు సందు వైపు చూశాను. అతనూ అటే చూశాడు.

"సార్, మీరు గూడా మా నాయన మాదిరే చూస్తాండారే?" అంది పిల్ల.

పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఆ పూటే రిజిస్టరులో పేరు రాశాను. రాస్తూ కూడా కిటికీలోంచి రెండుసార్లు బయటికి చూశాను.