హాల్వర్ టాల్మన్, డెల్మర్ టోపీ

మొంటానా ఉత్తరపు అంచున, గోధుమ పొలాల నడుమనున్న ఆ చిన్న ఊళ్లో రివాల్వర్ కొనదలచినవారు ముందుగా హాల్వర్ స్టెనరూడ్‌ను అడిగేవారు. కొన్న తరువాత వచ్చి అడిగినవారిని ఆయన అంత సులభంగా క్షమించేవాడు కాడు. కోతయంత్రాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఊరి తుపాకి సంఘంలో పనిముట్ల బీరువా తాళంచెవి ఆయన అధీనం. ఎవరి ఆయుధంలో చీల వదులైనా, స్ప్రింగు సడలినా ఆ బీరువా తెరవవలసినది ఆయనే. ఆ తాళంచెవిని నడుము పట్టీకి తగిలించుకొని, చర్చికి వెళ్లేటప్పుడు సైతం తీసేవాడు కాడు.

ఎవరడిగినా ఆయన సలహా ఒక్కటే: టాల్మన్ కంపెనీది కొనమని. పడుచుతనంలో తొలి కోతల జీతంతో కొన్న టాల్మన్ రివాల్వర్ నాటినుండి నేటివరకు ఆయన వెంటనే ఉన్నది. చూపునకు అందమైనదేమీ కాదు. దుక్కి ఇనుము రంగు, మొద్దు పిడి, గట్టి ట్రిగ్గర్. అయితే అది మొరాయించినట్లు చూసినవారు లేరు. ఒక శీతకాలం ట్రాక్టరు మీదినుండి జారి మంచులో పడిపోయి, మంచు కరిగిన పిమ్మట కంచె పక్కన కనబడితే, చొక్కా అంచుతో తుడిచి ఆరు తూటాలూ అక్కడికక్కడే కాల్చి చూశాడు. ఆరూ పేలాయి. ఈ కథను ఊరిలో హాల్వర్ కన్న బాగా చెప్పగలవారు కూడా తయారయ్యారు.

వారిలో మొదటివాడు డెల్మర్ ప్రూయిట్. పశువుల దాణా కొట్టు యజమాని, హాల్వర్‌కు బడినాటి నేస్తం. అతడిది గ్రీర్ రివాల్వర్. అద్దంవంటి నల్లని మెరుగు, వాల్‌నట్ కర్ర పిడి, వెన్నలో వేలు దించినట్లు కదిలే ట్రిగ్గర్. పనితనంలో గ్రీర్‌దే పైచేయి అని హాల్వర్‌కు లోలోపల తెలియును. పైకి మాత్రం, "ఊరేగింపు గుర్రం రా అది, పొలంలో పనికిరాదు" అనేవాడు.

గత శరదృతువులో వాగులోయ గురిపోటీలో ఆ ఊరేగింపు గుర్రం నిజంగానే మొరాయించింది. తూటాల చక్రం బిగుసుకొనిపోయి, డెల్మర్ పోటీ మధ్యలో వైదొలగవలసివచ్చింది. హాల్వర్ దిగులు ముఖంతోనే దగ్గరకు వెళ్లి భుజం తట్టాడు. ఆ రాత్రి భోజనం మాత్రం ఎన్నడూ లేనంత రుచిగా తిన్నాడు.

"చూస్తూ ఉండు, కంపెనీకి పంపిస్తే మళ్లీ కోతలొచ్చేదాకా తిరిగిరాదు" అని భార్య ఐలీన్‌తో అన్నాడు కూడా.

మంచు గట్టిపడకముందే తిరిగివచ్చింది. డెల్మర్ ఫోన్ చేసిన వెంటనే గ్రీర్‌వారి వైపునుండి యంత్రం కాక మనిషే పలికాడట. వారే పెట్టె పంపి, వారే బండి పంపి, చక్రం కొత్తది వేసి, అడగకపోయినా గొట్టానికి మెరుగు పెట్టి పంపారు. పరీక్షించిన గురికాగితం మీద రంధ్రాలన్నీ ఒకదానినొకటి ఒరుసుకొని ఉన్నవి, కింద పనివాడి సంతకంతో సహా. వాటన్నిటి పైన, బంగారు దారంతో గ్రీర్ అని కుట్టిన ఆకుపచ్చ టోపీ.

ఆ టోపీతో డెల్మర్ కాఫీ హోటల్లోకి అడుగుపెట్టిన ఉదయాన హాల్వర్ తన మామూలు బల్ల దగ్గరే ఉన్నాడు.

"టోపీ బాగా నప్పింది నీకు, వయసు తగ్గినట్టున్నావ్" అన్నది హోటల్ నడిపే మార్జ్, కాఫీ పోస్తూ.

"కొన్నది కాదు. వాళ్లంతట వాళ్లే పంపారు" అన్నాడు డెల్మర్, అంచు సవరించుకొంటూ.

"నాకెవరూ పంపలేదు. ఎందుకంటే నాది ఎప్పుడూ చెడిపోలేదు" అన్నాడు హాల్వర్.

"పాపం, అదేరా నీ ఖర్మ. ఇప్పుడు ఆ మంచు కథ మాత్రం ఎత్తకు, కాఫీ చల్లారిపోద్ది" అన్నాడు డెల్మర్.

అందరూ నవ్వారు. నవ్వునకు హాల్వర్ ఓర్చుకొన్నాడు. ఓర్వలేనిది దాని తరువాత జరిగింది. కొత్తగా పొలం కొనుక్కొని వచ్చిన దంపతులు ఆ బల్ల దగ్గరకు వచ్చి, ఇంటికి ఏ రివాల్వర్ మంచిదని అడిగారు. అడిగినది డెల్మర్‌ను. హాల్వర్ మోచేయి వారి కోటుకు తగులుతూనే ఉన్నది, అయినా వారు ఆయన వైపు తిరిగి చూడలేదు.

ఆనాటినుండి ఆకుపచ్చ టోపీ ఆయన కళ్లలో నలుసైంది. చర్చి విందులో అది, దాణా కొట్టులో అది, ఎదురువచ్చే బండి అద్దం వెనుక అదే. డెల్మర్ తలకు అది కాస్త బిగుతుగా ఉన్నదని గమనించి, ఆ గమనింపుతోనే ఒక వారం తృప్తిపడ్డాడు.

చలి తగ్గుముఖం పట్టగానే అసలు సంగతి వచ్చిపడింది. స్త్రీలకు గురి నేర్పే వసంతకాలపు తరగతికి సంఘం కొత్త రివాల్వర్లు కొనవలసి ఉన్నది. ఆ తరగతి నడిపేది వెస్టా కోల్‌స్టాడ్, బడిలో సగం ఊరికి లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. ఏ కంపెనీవి కొనాలో తదుపరి సమావేశంలో తేల్చుదామని, ఈలోగా హాల్వర్, డెల్మర్ ఇరువురినీ మాటలు సిద్ధం చేసుకొమ్మని చెప్పింది.

"నాకు మూడు విషయాలు కావాలి హాల్వర్. పనితనం ఎలాంటిది, నమ్మొచ్చా, చెడిపోతే కంపెనీవాళ్లు ఎట్లా చూసుకుంటారు. మొదటి రెండూ నువ్వు చెప్పగలవు. మూడోది నీకేం తెలుసు?"

"చెడిపోదు గదా వెస్టా."

"అది జవాబు కాదు. చిన్నప్పుడు కూడా నువ్వు ఇట్లాగే చేసేవాడివి."

ఆమె తప్పేమీ అనలేదు. అదే హాల్వర్‌ను మరింత కాల్చింది. తన టాల్మన్ ఇంతకాలం ఒక్కసారైనా జబ్బుపడి ఉంటే, టాల్మన్‌వారి మంచితనం కూడా లోకానికి తెలిసేది గదా అని, నమ్మకమైన ఆయుధం మీదనే మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది.

మరునాటి మధ్యాహ్నం షెడ్డు తలుపు మూసుకొని రివాల్వర్ విప్పాడు. లోపల తూటాల చక్రాన్ని ఒక్కొక్క గడి ముందుకు నెట్టే చిన్న ఉక్కు నాలుక ఒకటి ఉంటుంది. దానిని పట్టుకారుకు బిగించి, సన్నని ఆకురాయి తీసుకొన్నాడు. చేయి సాగలేదు. డెల్మర్ తల మీది టోపీని తలచుకొన్నాడు. సాగింది. రెండుసార్లు రాకి, తిరిగి అమర్చి, అక్కరలేకపోయినా అంతటా నూనె రాశాడు.

టాల్మన్‌వారికి ఫోన్ చేసి, దానంతట అదే అరిగిపోయిందని చెప్పి పంపించాడు.

ఆ వారంలోనే, ఆయన దూడలకు మేత వేసి ఇంట్లోకి వచ్చేసరికి ఐలీన్ బంగాళదుంపలు చెక్కు తీస్తున్నది.

"టాల్మన్ నుంచి ఆర్లో అని ఎవరో ఫోన్ చేశాడు. మంచి మనిషి. మోకాలు నొప్పికి ఏదో నూనె కూడా చెప్పాడు."

"తుపాకి సంగతేమన్నాడు?"

"కొత్తది వేశారంట. ఖర్చేం లేదంట. ఇంత పాతది ఇంత శుభ్రంగా ఉంచుకున్నవాళ్లని చూడలేదన్నాడు." ఆమె కత్తి ఆపింది. "ఇంకో మాట చెప్పమన్నాడు. ఆకురాయి ఉన్నవాణ్ణి ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వొద్దంట."

హాల్వర్ చేతితొడుగులు తీయడంలో నిమగ్నుడయ్యాడు.

"నా దగ్గరైతే ఆకురాయి లేదు" అన్నది ఐలీన్.

తొడుగులు మేకుకు తగిలించి ఆయన అడిగాడు. "టోపీ గురించి ఏమైనా అన్నాడా?"

"లేదు హాల్వర్. టోపీ గురించి ఏమీ అనలేదు."

సమావేశంనాడు సంఘం షెడ్డులో పొయ్యి ఎర్రగా మండుతున్నది. బల్ల మీద బీన్స్ కూర, దాల్చినచెక్క రొట్టెలు. డెల్మర్ టోపీతోనే నిలబడి, గ్రీర్‌వారి ఆదరణను పెట్టె మొదలు గురికాగితం వరకు వర్ణించాడు. విన్నవారందరూ తలలూపారు. పిమ్మట హాల్వర్ లేచాడు.

పనితనం గురించి న్యాయంగానే చెప్పాడు. మెరుగు గ్రీర్‌ది, బలం టాల్మన్‌ది అన్నాడు. ఇక ఆదరణ అంటారా, తన రివాల్వర్ పంపితే టాల్మన్‌వారు పైసా అడగకుండా, డెల్మర్‌కు పట్టినదానికన్న తక్కువ కాలంలో బాగుచేసి పంపారన్నాడు. షెడ్డులో కదలిక పుట్టింది. డెల్మర్ చేతిలోని రొట్టె చేతిలోనే నిలిచిపోయింది. ఆ క్షణంలో హాల్వర్ పొందిన సుఖం అంతా ఇంతా కాదు.

"నీ టాల్మన్ చెడిపోయిందా?" అన్నది వెస్టా. "ఏం పాడైంది?"

అడుగుతారని ఆయన ఊహించలేదు. కోతయంత్రంలో ఏ శబ్దం ఎక్కడినుండి వస్తున్నదో పట్టగల మనిషి, ఈ చిన్న ప్రశ్నను పట్టలేకపోయాడు. అరిగిపోయిందంటే టాల్మన్ మాట పోతుంది. అరగలేదంటే తన మాట పోతుంది. కంచె పక్కన మంచునీటిలో తడిసి పడి ఉండి కూడా ఆరుసార్లు పలికిన ఆయుధం కళ్ల ముందు మెదిలింది.

"అదేం పాడవలేదు. నేనే ఆకురాయి పెట్టాను."

"ఎందుకురా?" అన్నాడు డెల్మర్, నిజంగానే అర్థంకాక.

హాల్వర్ చూపు అతడి నుదుటి పైకి పోయి ఆగింది. అందరి చూపులూ అటే పోయాయి. మొదట మార్జ్ నవ్వింది. తరువాత పొయ్యి తలుపులు అదిరేటట్లు షెడ్డంతా నవ్వింది. ఐలీన్ మాత్రం బీన్స్ కూర గరిటెతో కలుపుతూ ఉండిపోయింది.

నవ్వు చల్లారాక వెస్టా అన్నది. "సరే. దాన్ని మొరాయించేలా చెయ్యాలంటే ఆకురాయి పెట్టాల్సొచ్చింది. నా క్లాసుకి అది చాలు. టాల్మనే కొందాం."

చేతులు లేచాయి. టాల్మన్ గెలిచింది. హాల్వర్ కూర్చోబోతుండగా సంఘం అధ్యక్షుడు రోల్ఫ్ గొంతు సవరించుకొన్నాడు.

"హాల్వర్, ఏమీ అనుకోకు. బీరువా తాళంచెవి కొన్నాళ్లు డెల్మర్ దగ్గరుంటే బాగుంటుందేమో. కొత్త తుపాకులు కదా."

తాళంచెవి పట్టీనుండి ఊడిరావడానికి చాలాసేపు పట్టింది. అది డెల్మర్ అరచేతిలో పడ్డాక, హాల్వర్ నడుము ఒక వైపున తేలికై, వంకరగా నడుస్తున్నట్లు తోచింది.

బయట బండ్ల దగ్గర, ఇంజను వేడెక్కేవరకు హాల్వర్ ఆగివుండగా, డెల్మర్ మంచు తొక్కుకొంటూ వచ్చాడు. తాళంచెవి గురించి ఏదో అంటాడని ఆయన పళ్లు బిగించాడు.

"ఒరే, ఆ టాల్మన్ వాడు నిజంగా ఇంటికి ఫోన్ చేశాడా? ఐలీన్ చెప్తుంటే విన్నా."

"చేశాడు."

"వాళ్లంతట వాళ్లే?"

"వాళ్లంతట వాళ్లే."

డెల్మర్ టోపీ అంచు సవరించుకొన్నాడు. "గ్రీర్ వాళ్లు నేను చేస్తే ఎత్తారు గానీ, వాళ్లు ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఏం మాట్లాడాడేంటి?"

బండిలో పక్క సీటులో ఉన్న ఐలీన్ కిటికీ అద్దం మీది మంచును గోటితో గీకసాగింది.

"చాలాసేపు మాట్లాడుకున్నాంలే" అన్నాడు హాల్వర్. "మంచు కథ కూడా చెప్పాను."

"విన్నాడా?"

"చివరిదాకా. మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు."

డెల్మర్ టోపీ తీసి, లోపలి వైపు తిప్పి కాసేపు చూసి, తాళంచెవితోపాటు కోటు జేబులో కుక్కుకొన్నాడు. బట్టతల మీద మంచు పడుతుండగా తన బండి వైపు నడిచిపోయాడు. అతడు కనుమరుగయ్యేవరకు హాల్వర్ గేరు వేయలేదు.