నక్షత్రం వెనక చెరిగిన అంకె

కోకాపేటలో మా ఆఫీసు పక్కన ఇంకో టవరు లేస్తోంది. పొద్దున్నుంచి ఎవరో ఇనుప చువ్వలు కోస్తున్నారు. అద్దాలన్నీ మూసి ఉన్నా ఆ చప్పుడు పళ్ళలోకి దిగుతోంది. మిగతావాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని పని చేసుకుంటున్నారు. నావల్ల కాదు. లోహం మీద లోహం రాసుకునే చప్పుడు వింటే చాలు, నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి పోతుంది. అడుగున, తాళంచెవుల పక్కన, మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న ఎర్ర నక్షత్రం ఉందో లేదో తడుముకుంటాను. ఉంటుంది. ఎక్కడికి పోతుంది! అయినా తడిమి చూసుకోనిదే ప్రాణం ఊరుకోదు.

అది నాకు ఇచ్చినవారు దైవసహాయం గారు, నా మొదటి మేనేజరు. ఇప్పుడు లేరు. పొట్టిగా, సన్నగా, చొక్కాకి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుని, మాదాపూర్ ఆఫీసులో అంతమంది పరుగుల మధ్య నింపాదిగా నడిచే మనిషి. నేనేమో వికారాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చి మియాపూర్ హాస్టల్లో పడ్డ పిల్లని. కుదురుగా ఒకచోట కూర్చోలేను, కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాను. సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం మా పని. ఒక తప్పు ఎందుకు వస్తోందో ఎంతకీ దొరక్కపోతే నాకు పిచ్చెక్కేది. ఏదో ఒక కారణం రాసి మూసేద్దాం సార్ అని వెంటపడేదాన్ని. ఆయన తల కూడా ఎత్తకుండా, “తేలలేదు అని రాయమ్మా. తేలనిదాన్ని తేలలేదు అనడానికి మనకేం నామోషీ?” అనేవారు. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది.

ఆయన పిచ్చి ఏమిటో ఆఫీసులో అందరికీ తెలుసు, చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఒకసారి ఆయనకి జ్వరమొస్తే ఏవో కాగితాల మీద సంతకాల కోసం చందానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో గోడకి పెద్ద గాజుపెట్టె. అందులో నీలం గుడ్డ మీద సోవియట్ సైన్యం పతకాలు. మధ్యలో మెరిసే రాళ్ళతో, అరచేయంత నక్షత్రం ఒకటి, ఆర్డర్ ఆఫ్ విక్టరీ. దాని అసలుది లోకంలో పిడికెడు మందికే దక్కిందట. ఆయన దగ్గరున్నది దాని నకలు. అదొక్కటే కాదు, పెట్టెలో ఉన్నవన్నీ నకళ్ళే.

“అసలువి దొరకవా సార్?” అని అడిగాను.

“కొన్ని దొరుకుతాయి. నాకొద్దమ్మా. అవి ఒకరి గుండె మీద ఉండాల్సినవి, నా గాజుపెట్టెలో ఎందుకు చెప్పు?”

ఆయన తల్లి బాలానగర్‌లో రష్యావాళ్ళ సాయంతో కట్టిన మందుల ఫ్యాక్టరీ దవాఖానాలో నర్సుగా చేసేవారు. అక్కడ ఒక రష్యన్ డాక్టరమ్మ ఉండేది. ఒక పండగనాడు ఆమె తన కోటుకున్న ఎర్ర నక్షత్రం తీసి, అప్పటికి పిల్లవాడైన ఈయన అరచేతిలో పెట్టి, వెనక చెక్కిన నంబరు చూపించి, వేలితో తనని తాను చూపించుకుందట. ఇది నేను, అని. “అప్పట్నుంచి నాకవి బొమ్మల్లా కనపడవు,” అన్నారు.

నకళ్ళు చేసేవాళ్ళు, అచ్చం అసలుదానిలా కనపడాలని వెనక ఏదో ఒక నంబరు కొడతారు. ఆయన కొత్తది ఏదొచ్చినా ముందు సన్నటి ఆకురాయితో ఆ నంబరు రుద్దేసి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టేవారు. ఎవరి నంబరో మనం తగిలించుకుని తిరగకూడదు కదా అనేవారు. కొనుక్కున్నదాన్ని కూర్చుని పాడుచేసుకునే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. కానీ ఆ ఇంటికి అలవాటు పడ్డాను. ఆదివారాలు ఆయన, భార్య రూతమ్మగారు చర్చి నుంచి వచ్చే వేళకి నేనూ వెళ్ళేదాన్ని. హాస్టల్ సాంబారు కంటే రూతమ్మగారి కోడికూర ఎంత మేలో వేరే చెప్పాలా!

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పార్సిల్ విప్పారు. ఆయన ఎదురుచూసిన అరుదైన నావికాదళ పతకాల నకళ్ళు వచ్చాయి. వాటితోపాటు అమ్మినవాడు కొసరుగా వేసిన చిన్న ఎర్ర నక్షత్రం కూడా ఉంది. ముందు చిన్నది తేల్చేద్దామని ఆయన ఆకురాయి తీశారు. మామూలుగా నాలుగు రుద్దులు రుద్దితే పైపూత పోయి పచ్చగా ఇత్తడి కనపడుతుంది. ఆవేళ తెల్లగానే ఉంది. ఇంకాస్త రుద్దారు. ఇంకా తెల్లగానే ఉంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. నక్షత్రాన్ని అరచేతిలో తూచి చూశారు.

“రూతూ, ఆ కర్టెన్ తియ్యి,” అన్నారు. వెలుగులో తిప్పితిప్పి చూసి, “వెండి. ఇది అసలుదే,” అన్నారు.

“కొసరుగ వేసిండు గద సార్, అసలుది ఎట్లయితది?” అన్నాను.

“అమ్మినవాడికీ తెలిసి ఉండదు. ఇవి నకళ్ళేనని నేను ధీమాగా ఉన్నాను. నా చేత్తో ఒక మనిషిని చెరిపేశానమ్మా.”

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకేం చేయాలో తోచక లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. రూతమ్మగారు ఆయన చేతిలోంచి ఆకురాయి తీసేసుకున్నారు.

ఏటవాలు వెలుగులో పెడితే అంకెలన్నీ లీలగా తెలిశాయి, చివరిది తప్ప. అది మూడైనా కావచ్చు, ఎనిమిదైనా కావచ్చు. ఏ నంబరు పతకం ఎవరికిచ్చారో పాత సైనిక రికార్డుల్లో వెతకడం తెలిసిన సేకర్త ఒకాయన విదేశంలో ఉంటే, ఈయన రెండు నంబర్లూ చెప్పి సాయమడిగారు. జవాబు వచ్చేదాకా నాకు నిద్రలేదు. రోజూ ఆయన సీటు దగ్గరికి పోయి “ఏమన్న తెలిసిందా సార్?” అని ప్రాణం తీసేదాన్ని. చివరికి ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆయనే చెప్పారు.

“మూడైతే స్తెపాన్ అని ఫిరంగి దళం మనిషిదట. ఎనిమిదైతే గలీనా అని, యుద్ధంలో నర్సట.”

“నర్సా!” అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

“స్తెపాన్ తాలూకు వాళ్ళెవరూ దొరకలేదు. గలీనాగారికి మనవరాలుంది. వాళ్ళింట్లో ఆ నక్షత్రం ఎప్పుడో పోయిందట. ఇస్తారా అని అడిగింది.”

“ఇగ సోచాయించుడేంది సార్? పంపియ్యుండ్రి!”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “మా అమ్మ నర్సు. నాకు మొదట నక్షత్రం చూపించిందీ ఆస్పత్రి మనిషే. ఇది గలీనాగారిదే అయితే బాగుండునని నాకెంత ఉందో నీకు తెలియదు. ఎప్పుడు చూసినా ఎనిమిదే కనిపిస్తోంది. అందుకే నా కళ్ళని నేను నమ్మట్లేదు.”

నాకు కోపమొచ్చింది. “మీది వట్టి మొండితనం సార్. ఆమెకు ఇస్తే ఎవలకు నష్టం?”

“స్తెపాన్‌కి,” అన్నారు. “నాది అని అడగడానికి ఆయన తరఫున ఎవరూ లేరు. లేరు కదా అని ఆయనది తీసి ఇంకొకరికి ఇచ్చేస్తామా?”

టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాను. చాలా రోజులు ఆయనతో ముభావంగానే ఉన్నాను. ఆయన ఆ మనవరాలికి ఉన్నదున్నట్టు చెప్పారు. నంబరు నా చేత్తోనే చెరిగింది, ఇది మీ అమ్మమ్మగారిది కావచ్చు, కాకపోవచ్చు, క్షమించండి అని. ఆమె మళ్ళీ పలకలేదు. ఆ మౌనం ఆయన్ని తినేసింది. నక్షత్రాన్ని గాజుపెట్టె నడుమ, వీపు పైకి కనపడేలా బోర్లించి పెట్టారు. ఆర్డర్ ఆఫ్ విక్టరీని పక్కకి జరిపారు. ఇంటికొచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే తను చేసింది చెప్పేవారు, ఏమీ దాచుకోకుండా. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, తన పిల్లల పేర్ల తర్వాత, స్తెపాన్ ఇంటివాళ్ళని, గలీనా ఇంటివాళ్ళని ఎక్కడున్నా కాపాడమని అడిగేవారు. ఒక్కరోజూ ఒకరిని వదిలి ఇంకొకరిని తలచుకోలేదు.

జబ్బు పడ్డాక ఒకరోజు నన్ను పిలిపించి నక్షత్రం నా చేతిలో పెట్టారు. “నాకెందుకు సార్, నేనసలే తొందర మనిషిని,” అన్నాను.

“అందుకే నీకిస్తున్నాను. నిమ్మళంగా ఉండేవాళ్ళయితే సొరుగులో పడేసి మరిచిపోతారు. నీకు మనసొప్పదు, రోజూ తీసి చూస్తావు.”

ఎంత బాగా తెలుసో ఆయనకి నేనంటే!

పోయినవారం మా టీములో హారిక ఆ నక్షత్రం వెనక ఫోటో తీసుకుని, ఇవాళ్రేపు అన్నీ చెప్పే ఆ కృత్రిమ మేధకి ఇచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చి, “మేడమ్, ఎనిమిదంట! చూడండి, ఎంత నీట్‌గా వచ్చిందో,” అని స్క్రీన్ చూపించింది. నిజంగానే, చెక్కినట్టు ఎనిమిది. ఆ మనవరాలు ఇంకా ఉందో లేదో, ఈ రాత్రికే కబురు పంపాలి అనుకుంటూ లేచి నిలబడ్డాను కూడా.

“అరిగిపోయినచోట ఇంత గీత ఎక్కడ దొరికింది దానికి?” అని అడిగాను.

“అది మిగతా అంకెల్ని బట్టి ఊహించి నింపుతుంది కదా మేడమ్.”

కూర్చున్నాను. కాలు ఊపడం ఆపుకోలేకపోయాను గానీ, కూర్చున్నాను. “తేలలేదు అని రాయమ్మా,” అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో, ఒకప్పుడు నాకు మండిన మంటే కనపడింది.

మొన్న ఆదివారం చందానగర్ వెళ్ళాను. రూతమ్మగారికి గొంతు పట్టేసింది. “ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యమ్మా,” అన్నారు. నాకు రాదు. మా ఇంట్లో దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడమే తెలుసు. అయినా కళ్ళు మూసుకున్నాను. “స్తెపాన్ ఇంటివాళ్ళను చల్లగ చూడు. గలీనా ఇంటివాళ్ళను చల్లగ చూడు. మా సార్‌ను ఇగ ఫికర్ పడొద్దని చెప్పు,” అన్నాను. రూతమ్మగారు బొంగురు గొంతుతో ఆమేన్ అన్నారు. ఆవిడ కళ్ళు తెరిచేలోపే నా చెయ్యి బ్యాగులోకి పోయింది. ఉంది.